ఐకియా గొడవ వెనక ఒక అక్షరశిల్పి

2009 ఆగస్టులో ఐకియా కొత్త కేటలాగ్ రాగానే డిజైనర్లు భగ్గుమన్నారు. ఏళ్ల తరబడి వాడిన ఫ్యూచురా అనే ఫాంట్‌ను (అక్షరాల తీరును) తీసేసి వెర్దానా పెట్టారన్నది వాళ్ల బాధ. ఆన్‌లైన్‌లో పిటిషన్ కూడా నడిచింది. సోఫాలు, బల్లలు అమ్మే కంపెనీ ఫాంట్ మారిస్తే ఇంత రభసేంటని బయటివాళ్లకు అనిపించి ఉంటుంది. నిజానికి తప్పు ఫాంట్‌ది కాదు, దాన్ని వాడిన చోటుది. వెర్దానాను గీసిన మాథ్యూ కార్టర్ సంగతి తెలిస్తే ఇది అర్థమవుతుంది.

కార్టర్ 1937లో లండన్‌లో పుట్టాడు. తండ్రి హ్యారీ కార్టర్ అచ్చు చరిత్రను తవ్వితీసిన మనిషి. కొడుకు కాలేజీకి వెళ్లే ఈడులో హాలండ్‌లోని ఎన్‌స్కెడే ప్రెస్‌కు వెళ్లి, అచ్చక్షరాల మూసల కోసం ఉక్కు కడ్డీ కొస మీద అక్షరాన్ని తిరగేసి చెక్కడం నేర్చుకున్నాడు. అప్పటికే ఆ విద్యకు గిరాకీ పోతోంది. 1965లో న్యూయార్క్ వెళ్లి, అక్షరాలు కూర్చే యంత్రాల కంపెనీ లైనోటైప్‌లో చేరాడు.

అసలు పనితనం బెల్ సెంటెన్నియల్‌లో కనిపిస్తుంది. అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ డైరెక్టరీల కోసం చేయించుకున్న ఫాంట్ ఇది, 1978లో వచ్చింది. చౌక కాగితం, పరుగులు తీసే ప్రెస్, చీమతలకాయంత అక్షరాలు. గీతలు కలిసే మూలల్లో సిరా అలుక్కుపోయేది. అందుకని కార్టర్ సరిగ్గా ఆ మూలల్లోనే లోపలికి గాట్లు పెట్టాడు. సిరా పాకి వాటిని నింపేస్తే అక్షరం సవ్యంగా కనబడుతుంది. పెద్ద సైజులో చూస్తే మాత్రం ఎలకలు కొరికినట్టుంటుంది. ఇప్పటి కుర్రాళ్లు ఆ గాట్లనే ఫ్యాషన్‌గా పోస్టర్లకెక్కిస్తున్నారు, అది వేరే సంగతి!

1996లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన వెర్దానాదీ అదే దారి. అప్పటి మానిటర్లలో చుక్కలు ముతకగా ఉండేవి. కార్టర్ ముందు ఆ చుక్కల్లోనే అక్షరాలు పేర్చి, తర్వాత వాటి చుట్టూ గీతలు గీశాడు. అక్షరాల మధ్య ఎడం పెంచాడు. చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి అంకె కలగాపులగం కాకుండా చూశాడు. టామ్ రిక్నర్ వాటిని తెర మీద కుదురుగా నిలబెట్టాడు. తెర మీద చిన్న సైజులో చదవడానికి చేసిన ఈ ఫాంట్‌ను, వెబ్‌కూ కాగితానికీ ఒకటే ఉండాలని ఐకియా నిలువెత్తు బోర్డులకెక్కించింది. మోటుగా కనబడక ఏం చేస్తుంది?

రెండేళ్లకు, 2011లో, న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా తన సేకరణలో చేర్చుకున్న 23 ఫాంట్లలో బెల్ సెంటెన్నియల్, వెర్దానా రెండూ ఉన్నాయి. ఐకియా 2018లో హైదరాబాద్‌లో భారత్‌లోని తొలి స్టోర్ తెరిచింది. మరుసటి ఏడాది వెర్దానాను వదిలి, తెలుగుతో సహా అనేక లిపులున్న నోటో ఫాంట్‌కు మారింది.