ఎదో కోట ఖాళీ పీఠం: అపోహలు - వాస్తవాలు

టోక్యో వచ్చే మన తెలుగువాళ్లకు ఊరు చూపించడం నా పని. ఎదో అంటే టోక్యో పాత పేరు. ఒకప్పటి ఎదో కోట ఉన్న చోటే ఇప్పటి రాజప్రాసాదం. దాని తూర్పు తోటలో, కోట ప్రధాన బురుజు నిలవాల్సిన రాతి పీఠం దగ్గర ఆగితే చాలు, ఎవరో ఒకరు అనేస్తారు: “పైనున్న కోట అమెరికా బాంబులకు కూలిపోయిందట కదండీ!” వీడియోల్లో కూడా అదే పుకారు. వినీ వినీ విసుగొచ్చింది.

అపోహ: ప్రధాన బురుజు రెండో ప్రపంచ యుద్ధంలో పోయింది. అక్కడ చూడ్డానికేం లేదు.

అది 1657లోనే కాలిపోయింది. మెయిరెకి అగ్నిప్రమాదంలో ఎదో నగరం చాలా వరకు బూడిదైంది. చనిపోయినవాళ్లు లక్ష దాకా ఉంటారని అంచనా. 1638లో కట్టిన అయిదంతస్తుల బురుజూ అందులోనే పోయింది. మరుసటి ఏడాది మయేదా అనే ప్రభువుల వంశం కొత్త పీఠం కట్టింది. ఇప్పుడు మనం చూసేది అదే, ఎత్తు 11 మీటర్లు. బురుజు పని మాత్రం అక్కడితో ఆపేశారు.

ఆపించినవాడు ఐజు అనే ప్రాంతపు ప్రభువు హోషినా మసయుకి. మూడో షోగన్ (దేశాన్నేలే సైనిక పాలకుడు) ఇయెమిత్సుకు సవతి తమ్ముడు. 1651లో అన్న పోతూ, పదేళ్లైనా నిండని కొడుకు ఇయెత్సునాను ఈయన చేతిలో పెట్టాడు. బురుజు దూరం చూడ్డానికే తప్ప కోట రక్షణకు అంత అవసరం కాదు, ముందు ఊరు నిలబడాలి అన్నది మసయుకి వాదన. కాలిపోయిన ఇళ్లవాళ్లకు సర్కారు ఇచ్చిన సాయం 1,60,000 ర్యో (అప్పటి బంగారు నాణేలు). ఆ 1657లోనే మసయుకి కొడుకు మసయోరి కూడా చనిపోయాడు. ఆ దుఃఖంలోనూ ఆయన పని ఆపలేదు.

ఒకసారి నా బృందంలో దివిసీమ ఉప్పెనప్పుడు సహాయక శిబిరాల్లో పనిచేసిన రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి ఒకాయన ఉన్నారు. ఇదంతా విని పీఠం మీద చాలాసేపు నిలబడిపోయారు. “ఆ రోజుల్లో మాకు ఇలాంటి మనిషి ఒక్కడుంటే బాగుండేదమ్మా” అన్నారు. ఖాళీ స్థలమని ఈ చోటును వదిలేసి వెళ్లేవాళ్లు పోగొట్టుకునేది ఇదే.

ఒక్కరోజు సెలవుతో, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి “ఇంత దూరం వచ్చి రాళ్లు చూసి పోవాలా” అని దిగులుపడేవాళ్ల బాధ నాకు తెలుసు. దిగులు వద్దు. బురుజు నమూనా అక్కడే పెట్టారు, ముందు అది చూసి పీఠం ఎక్కండి.

అపోహ: మసయుకి పసివాడైన ఇయెత్సునా గద్దె కాజేశాడు. లేదు. చివరిదాకా నమ్మకంగా నిలిచాడు. షోగన్ బంధువుల ఇంటిపేరైన మత్సుదైరా ఇస్తామన్నా, పెంచిన హోషినా కుటుంబం మీది కృతజ్ఞతతో వద్దన్నాడు.

అపోహ: ప్రభువు చనిపోతే సమురాయ్‌లు ఎప్పుడూ ప్రాణం తీసుకునేవారు. 1663లో షోగన్ సర్కారే దాన్ని నిషేధించింది. మసయుకి తన ఐజులో అంతకుముందే ఆపించాడు.

అపోహ: పీఠం మీది కాలిన మచ్చలు 1657 నాటివి. పీఠమే 1658లో కట్టారు. ఆ మచ్చలు 1863లో పక్కనున్న భవనం తగలబడినప్పటివి.

ప్రవేశం ఉచితం. మామూలుగా సోమ, శుక్రవారాలు మూసి ఉంటుంది. ఒతెమోన్ ద్వారం నుంచి రండి.