పేగు గోడ మీద ఏతాం

నీళ్ల విరేచనాలు పట్టుకున్న పిల్లాడికి ఓఆర్ఎస్ (ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు) పట్టమంటే ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తల్లులు అడిగే మాట ఒకటుంది: "పట్టింది పట్టినట్టే పోతోంది కదా, మళ్లీ పట్టి ఏం లాభం? అందులో తీపి దేనికి?" రెండో ప్రశ్న చాలా గట్టిది. "నీరసం తగ్గడానికమ్మా" అని చెప్పి తప్పించుకుంటారు చాలామంది. ఆ జవాబు తప్పు. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములు. దాని శక్తి 54 కేలరీలు, అంటే ఒక్క ఇడ్లీ పాటి. ఆ తీపి అక్కడ ఉన్నది వేరే పనికి.

అన్నం ఎలా అరుగుతుందో బడి పుస్తకాల్లో ఉంది, దాన్ని వదిలేద్దాం. నీళ్ల లెక్క మాత్రం చూడాలి. చిన్నపేగులోకి రోజుకి 8, 9 లీటర్ల ద్రవం చేరుతుంది. అందులో మనం తాగింది రెండు లీటర్లే. మిగతాదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు తనంతట తాను ఊర్చుకునే నీరు. ఏడు లీటర్ల దాకా చిన్నపేగే వెనక్కి లాక్కుంటుంది, మిగిలినదాని పని పెద్దపేగు చూస్తుంది. చివరికి మలంలో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు. కాబట్టి విరేచనంలో పోతున్నది గ్లాసుతో పట్టిన నీళ్లు కావు, వెనక్కి రావలసిన ఒంటి నీళ్లు.

చిక్కేమిటంటే, నీళ్లని నేరుగా తోడే యంత్రం పేగులో లేదు. ఉప్పు ఎటు పోతే నీళ్లు అటు పోతాయి. అందుకని ముందు ఉప్పును, అంటే సోడియాన్ని, లోపలికి తేవాలి. ఇక్కడే ఏతాం గుర్తొస్తుంది.

వంశధార, నాగావళి ఒడ్డు పల్లెల్లో ఏతాం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. మాను మీద మనిషి అటు నడిచి బరువు మోపితే ఇటు కట్టిన బొక్కెన నూతిలోంచి పైకి లేస్తుంది. పేగు కణం పైపొరలో ఇలాంటి ఏతాలు లక్షల్లో ఉంటాయి. ఎస్‌జీఎల్‌టీ1 అని వాటి పేరు. అది ఒక ప్రొటీను. దాని మాను మీద నడిచేవి రెండు సోడియం అయాన్లు. బొక్కెనలో ఉండేది ఒక గ్లూకోజ్ అణువు. సోడియం లోపలికి దిగితే ఆ ఊపుకి గ్లూకోజ్ కూడా లోపలికొస్తుంది. కణంలో అప్పటికే గ్లూకోజ్ ఎక్కువున్నా సరే వస్తుంది. బొక్కెన కట్టకపోతే ఈ ఏతాం కదలదు, సోడియం దాని మీద నడవదు. ఉత్త ఉప్పునీళ్లు పట్టి లాభం లేనిది అందుకే.

ఇద్దరు మనుషులెందుకు, ఒక్కడు చాలడా? లెక్క వేద్దాం. సోడియం కణం బయట లీటరుకి 140 మిల్లీమోల్, లోపల 14 అనుకుంటే తేడా పది రెట్లు. కణం లోపల విద్యుత్తు సుమారు 50 మిల్లీవోల్టుల రుణంలో ఉంటుంది, అది ధన అయాన్‌ని లాగే బలం మరో ఆరున్నర రెట్లు. రెండూ గుణిస్తే 65. ఒక్క సోడియం దిగే ఏతమైతే గ్లూకోజ్‌ని బయటికన్నా 65 రెట్ల గాఢతకి ఎత్తగలదు. రెండు దిగితే 65ని 65తో హెచ్చించాలి, 4,225 రెట్లు. ఇది సిద్ధాంతపు గరిష్ఠం. కానీ పేగులో చివరి చుక్క గ్లూకోజ్ కూడా మిగలకుండా ఊడ్చుకురావడం దీనివల్లే కుదురుతోంది.

దిగిన మనుషుల్ని మళ్లీ పైకి ఎక్కించాలి కదా. కణం పక్క గోడల మీద ఉన్న సోడియం-పొటాషియం పంపు మూడు సోడియాలను బయటికి తోసి రెండు పొటాషియాలను లోపలికి తెస్తుంది. ఖర్చు ఒక ఏటీపీ, అంటే కణానికి ఇంధనంలా పనికొచ్చే అణువు. అసలు కూలి ఇక్కడే పడుతుంది. అలా తోసిన సోడియం కణానికీ కణానికీ మధ్య సందుల్లో చేరుతుంది, ఆ ఉప్పదనానికి నీళ్లు పేగులోంచి అటు లాగబడతాయి, అక్కణ్ణుంచి రక్తంలోకి. గ్లూకోజ్ వేరే దారిన బయటపడుతుంది. ఏతం పోలిక ఇక్కడ కొంచెం ఒరుగుతుంది, ఎందుకంటే మన ఏతంలో నీళ్లు బొక్కెనలోనే ఉంటాయి, పేగులో బొక్కెన వెనకాల వస్తాయి.

సోడియం, గ్లూకోజ్ జోడీగా నడుస్తాయని జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రేగ్‌లో చెప్పాడు. దానికి ముందటి ఏడే, 1959లో, శంభునాథ్ డే కలకత్తాలో కలరా విషాన్ని కుందేలు పేగులో రుజువు చేశాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఓఆర్ఎస్ దానంతటదే అర్థమవుతుంది.

కలరా క్రిమి కణాన్ని చంపదు. దాని విషం కణంలో ఒక మీటని నొక్కి వదలకుండా పట్టుకుంటుంది. కణంలో కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరిగిపోతుంది, క్లోరైడు తూములు తెరుచుకుంటాయి, వెనకే సోడియం, నీళ్లు. గంటకి లీటరు దాకా బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనం పోవచ్చు. ఉప్పును లాక్కునే మామూలు దారి ఒకటి కూడా మూసుకుంటుంది. కానీ ఏతాం చెక్కుచెదరదు! గట్టు ఒకచోట తెగిపోయింది, ఏతాం మాత్రం పనిచేస్తూనే ఉంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీళ్లకి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపి పట్టించారు. అక్కడ మరణాలు నూటికి ముప్ఫై దరిదాపు నుంచి 3.6కి దిగాయి. రాయగడ జిల్లా కాశీపురం బ్లాకులో 2007లోనూ 2022లోనూ కలరా వచ్చింది. ఇది పాత కథ కాదు.

ఇప్పటి ప్యాకెట్ 20.5 గ్రాములు, ఒక లీటరుకి. సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోల్, సమానంగా. పాత ప్యాకెట్లో గ్లూకోజ్ 111 ఉండేది, 2002 తర్వాత తగ్గించారు. ఎక్కువ తీపి పోస్తే ఏతాలు ఎత్తలేని గ్లూకోజ్ పేగులోనే నిలిచి, అదే ఒంట్లోంచి నీళ్లని లాగుతుంది. కూల్‌డ్రింకులో లీటరుకి నూరు గ్రాముల పైన పంచదార, సోడియం దాదాపు సున్నా. విరేచనాలకి అది మందు కాదు, ఎరువు. సగం ప్యాకెట్ గ్లాసులో కలపడం ఇంకో ప్రమాదం. ఉప్పు ముదిరి పిల్లలకి ఫిట్స్ వస్తాయి. కలిపాక కాచకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి.

ప్యాకెట్ లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి. ఆరెందుకంటే, పంచదారలో సగమే గ్లూకోజ్. మిగతా సగం ఫ్రక్టోజ్, అది ఈ ఏతాం ఎక్కదు. సుమారు 27 గ్రాములు వేస్తేనే ఆ 13.5 గ్రాముల గ్లూకోజ్ దక్కుతుంది.

గంజి ఇంకా తెలివైనది. 50 గ్రాముల బియ్యప్పిండిని లీటరు పైచిలుకు నీళ్లలో ఐదారు నిమిషాలు ఉడికించి, అర చెంచా ఉప్పు వేస్తే చాలు. పిండి పదార్థం పొడవాటి గొలుసు కాబట్టి నీళ్లని లాగదు. పేగు గోడ దగ్గర ఒక్కో గ్లూకోజ్ తెగుతుంది, తెగినది తెగినట్టు ఏతాం ఎత్తేస్తుంది. కలరాలో పాత గ్లూకోజ్ ద్రావణంతో పోలిస్తే విరేచనం మోతాదు దాదాపు మూడో వంతు తగ్గినట్టు తేలింది. పల్చటి చోడి (రాగి) అంబలీ ఇదే దారి. తరవాణి అభిమానులకి కోపం వస్తుందేమో గానీ, విరేచనాలప్పుడు రాత్రంతా నానిన చద్దినీళ్ల కన్నా అప్పుడే దించిన గంజి మేలు. నీళ్లు ఎక్కడివో, ఎంత పులిశాయో తెలియదు. ఉడికిన అన్నం పులవకుండా ఊరకే ఉంటే కలరా క్రిమి అందులో పెరుగుతుంది.

లంఖణం పరమౌషధం అన్న మాటని ఇక్కడ పక్కన పెట్టండి. పళ్లు వస్తున్నాయని, మరిడమ్మ వచ్చిందని పాలు మాన్పిస్తే ఏతానికి బొక్కెన ఊడదీసినట్టే. ఘటం ఎత్తుకోండి, వేపమండ కట్టుకోండి, ఈలోపు చెంచా ఆగకుండా నడవనివ్వండి. రెండేళ్ల లోపు పిల్లలకి ప్రతి విరేచనానికీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపైన పదేళ్ల దాకా 100 నుంచి 200. వాంతి అయితే పది నిమిషాలు ఆగి రెండు మూడు నిమిషాలకో చెంచా. ఆరు నెలలు దాటిన పిల్లలకి జింక్ 20 మిల్లీగ్రాములు రోజూ, 14 రోజులు. కళ్లు లోతుకుపోయి మగతగా పడి ఉండి తాగలేకపోతే మాత్రం చెంచాతో కుదరదు. సెలైన్ ఎక్కించే చోటికి వెంటనే తీసుకెళ్లాలి.

షుగరు ఉన్నవాళ్లూ ఓఆర్ఎస్ తాగాలి. అయితే 'గ్లిఫ్లోజిన్' అని ముగిసే మాత్ర వేసుకునేవాళ్లు విరేచనాల రోజుల్లో దాన్ని ఆపాలేమో డాక్టర్ని అడగాలి. ఆ మాత్ర కిడ్నీలో ఇదే ఏతానికి చెల్లెలైన ఎస్‌జీఎల్‌టీ2ని ఆపుతుంది, గ్లూకోజ్‌తోపాటు నీళ్లూ మూత్రంలో పోతాయి.

చాలా అరుదుగా, ఏతాం పుట్టుకతోనే విరిగి ఉన్న పిల్లలు పుడతారు. తల్లిపాలు తాగిన మొదటి రోజుల నుంచే ఆగని విరేచనాలు. పాలలోని చక్కెర విరిగితే వచ్చేవి గ్లూకోజ్, గాలక్టోజ్. రెంటికీ ఇదే బొక్కెన. ఓఆర్ఎస్ పోస్తే ఇంకా ఎక్కువవుతుంది. ఆ రెండూ లేకుండా ఫ్రక్టోజ్‌తో చేసిన ఆహారం ఇస్తే విరేచనం కడుతుంది, ఎందుకంటే ఫ్రక్టోజ్‌కి సోడియంతో పనిలేని వేరే తలుపు ఉంది.