నాయనమ్మ కేక

పిల్లలూ,

మొన్న చిన్నది ఫోనులో అడిగింది: "తాతయ్యా, మిరప చేలో కొట్టిన మందు కాలవలో కలిస్తే కంటికి కనబడదుగా, ల్యాబులో వాళ్ళకెలా తెలుస్తుంది?" ఫోనులో తేలే ప్రశ్న కాదు, అందుకే ఈ ఉత్తరం.

యూరప్‌లో తాగునీటిలో ఏ ఒక్క పురుగుమందైనా లీటరుకు 0.1 మైక్రోగ్రాము దాటకూడదు. అంటే 10,000 లీటర్ల ట్యాంకరుకు ఒక్క మిల్లీగ్రాము. బియ్యపు గింజను ఇరవై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క! అంత కొంచెం మందును ముందు ఒకచోటికి పోగెయ్యాలి, ఆ తర్వాతే దాన్ని కొలిచే మిషను పని.

మా చిన్నప్పుడు ఆదివారాలు నాయనమ్మ మా ఎనిమిదిమందికీ ఒళ్ళంతా నూనె పట్టించి, నానమని వదిలేసేది. నానడమా! ఊరంతా తిరిగేవాళ్ళం. "రండ్రా!" అని ఒక్క కేక వేస్తే అందరం అరుగు దగ్గర ఉండేవాళ్ళం. చెంబెడు కుంకుడు రసంతో అందరి చేతులూ కడిగి, పళ్ళెంలో పడ్డ నీళ్ళు చూసి, "ఇటికల బట్టీకి పోయారు కదూ" అనేది. ఎర్రమట్టి దాగుతుందా?

ల్యాబులో పిల్లలు మాగ్నెటైట్ రేణువులు. అదొక రకం ఇనుప ఆక్సైడు. ఐదారు వేల రేణువులు వరసగా పేరిస్తే వెంట్రుక మందం. వాటికి జిడ్డులాంటి పూత పూసి నీళ్ళలో కలుపుతారు. నీళ్ళంటే గిట్టని క్లోర్‌పైరిఫాస్ లాంటి మందులు ఆ జిడ్డుకు అంటుకుంటాయి. సీసా పక్కన అయస్కాంతం పెడితే, అదే నాయనమ్మ కేక, అన్నీ గోడకు చేరతాయి. నీళ్ళు వంపేసి, కొన్ని చుక్కల మిథనాల్‌తో (అదొక రకం ఆల్కహాలు) కడుగుతారు. అర లీటరులో చెదిరిన మందంతా అర మిల్లీలీటరులోకి వస్తే వెయ్యి రెట్లు చిక్కబడ్డట్టే. 1999లో చెక్ దేశంలో ఇద్దరు శాస్త్రవేత్తలు రంగుల మీద ఇది చేసి చూపించారు. వాటిలో ఒకటి మా దెబ్బలకు పూసిన జెన్షన్ వయొలెట్టే.

నాయనమ్మ లోపలికి పోగానే మేం చెల్లాచెదురు. ఈ రేణువులూ అంతే. అయస్కాంతం తీసేస్తే తమ అయస్కాంత గుణం వదిలేసి మళ్ళీ విడిపోతాయి. మరీ చిన్నవి కాబట్టే అలా. ఎన్నిసార్లు చదివినా నాకు వింతగానే ఉంటుంది. (నాయనమ్మ వీపు మీద రెండు వేసేది కూడా. అక్కడ పోలిక కుదరదు.)

మందు డబ్బాలు కాలవలో కడగొద్దని మాత్రం నాన్నకు చెప్పండి.

సెలవుల్లో వచ్చినప్పుడు పాత స్పీకరులోని అయస్కాంతం ఇస్తాను. ప్లాస్టిక్ కవరులో చుట్టి ఏటి ఇసుకలో తిప్పండి, నల్ల రవ్వలు అంటుకుంటాయి. నేను చుట్టకుండా తిప్పి సాయంత్రం దాకా గోక్కుంటూ కూర్చున్నాను. కవరులోంచి అయస్కాంతాన్ని బయటికి లాగగానే ఆ రవ్వలు ఏం చేస్తాయో చూసి నాకు చెప్పండి.

మీ తాతయ్య