ఐసీయూలో పసికందు, చేతిలో మందుల చీటీ: అపోహలు – వాస్తవాలు

ఐసీయూలో ఉన్న పసికందు మందులకు డబ్బు సాయం చేయాలనుకునే దాతల కోసం ఈ మాటలు.

అపోహ: సర్కారు ఆస్పత్రిలో మంచం ఒక్కటే ఉచితం, పిల్లల ఐసీయూ మందులు బయట కొనుక్కోవాల్సిందే.

జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 జూన్ 1న మొదలైంది. మొదట్లో పుట్టిన 30 రోజుల వరకే వర్తించేది, తర్వాత ఏడాది వయసు దాకా పెంచారు. ప్రభుత్వాస్పత్రిలో చేరిన బిడ్డకు మందులు, పరీక్షలు, రక్తం, రానూపోనూ బండి అన్నీ ఉచితంగా ఇవ్వాలి. అయినా బయటికి చీటీ వస్తుందంటే, చాలాసార్లు స్టోర్‌లో సరుకు అయిపోయి ఉంటుంది. డబ్బు పంపేముందు బిడ్డ తండ్రిని ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) దగ్గరికో సూపరింటెండెంట్ దగ్గరికో పంపి, "స్టోర్‌లో లేకపోతే ఆస్పత్రే కొని ఇవ్వగలదా?" అని అడిగించండి. అక్కడ పని కాకపోతే అప్పుడు జేబులో చెయ్యి పెట్టండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: గంటల్లో పడాల్సిన మందయితే ముందు కొనేయండి, అడగడాలు తర్వాత.

అపోహ: బిడ్డకు ఇంకా పేరే పెట్టలేదు, రేషన్ కార్డులో ఎక్కలేదు, కాబట్టి ఆరోగ్యశ్రీ రాదు.

అప్పుడే పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల కార్డు మీదే వైద్యం చేస్తారు. తల్లి ఆధార్, రేషన్ కార్డు, పుట్టినట్టు ఆస్పత్రి ఇచ్చిన కాగితం పట్టుకుని ఆస్పత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవాలి. ఆంధ్రలో ఈ పథకం పేరు ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కంగారులో నగదు కట్టి చేర్చేస్తారు, నాలుగో రోజున కార్డు బయటికి తీస్తారు. కట్టేసిన డబ్బు వెనక్కి రాబట్టడం గగనం. చేర్చేటప్పుడే రెండు సంగతులు తేల్చుకోండి: ఆ ఆస్పత్రి పథకం నెట్‌వర్క్‌లో ఉందా, పసిపిల్లల వైద్యం కూడా పథకం కింద అక్కడ చేస్తారా. అప్రూవల్ వచ్చాక కూడా మందులకు చీటీ రాసిస్తుంటే ఆరోగ్యమిత్రకు చెప్పండి, అక్కడ తెగకపోతే 104కు ఫోన్ చేయండి. పథకం ఆస్పత్రికి చెల్లించే ప్యాకేజీలో మందులు కలిసే ఉంటాయి.

అపోహ: చీటీలో మందు పేరుంది, షాపువాడు ఏ సీసా ఇస్తే అది కొనడమే.

దాతల డబ్బు నీళ్లలా కారిపోయేది ఇక్కడే. కిలో బిడ్డకు మందు మిల్లీగ్రాముల్లో పడుతుంది. మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్‌నే చూడండి. మోతాదు కిలోకు 20 మిల్లీగ్రాములు అనుకుంటే 1.2 కిలోల బిడ్డకు ఒక్కసారికి 24 మిల్లీగ్రాములు చాలు. షాపులో చేతికందేది ఒక గ్రాము సీసా. కలిపిన మందును కొన్ని గంటలకు మించి దాచకూడదు కాబట్టి మిగిలినదంతా పారబోయాల్సిందే. ఇదే మందు 125 మిల్లీగ్రాముల సీసాలో కూడా వస్తుంది, అది అడగండి. ఇమ్యునోగ్లోబ్యులిన్ (రోగనిరోధక ప్రోటీన్ల ఇంజెక్షన్)కూ ఇదే లెక్క: కిలోకు ఒక గ్రాము రాస్తే 1.2 కిలోల బిడ్డకు ఒక గ్రాము సీసా, అర గ్రాము సీసా కలిపి సరిపోతాయి, రెండున్నర గ్రాములది అక్కర్లేదు. ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి ఇచ్చే సర్ఫాక్టెంట్‌లో పోరాక్టెంట్ రకం మొదటి మోతాదు కిలోకు 200 మిల్లీగ్రాములు. 1.1 కిలోల బిడ్డకు 220 కావాలి, 240 ఉండే 3 మిల్లీలీటర్ల సీసా ఒకటి చాలు. మోతాదు తేల్చేది డాక్టరే. మనం అడగాల్సింది బిడ్డ బరువెంత, ఒక్కసారికి ఎంత పడుతుంది, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అని. ఈ నాలుగూ చీటీ మీద రాయించుకుంటే షాపులో బేరం సగం తెగినట్టే.

సర్ఫాక్టెంట్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. థర్మోకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్ పెట్టి, సీసాకు గుడ్డ చుట్టి తేవాలి. ఐసుకు తగిలి గడ్డకట్టిందా, ఇక పనికిరాదు. ఇలాంటివి వాడకపోయినా షాపువాళ్లు సాధారణంగా వెనక్కి తీసుకోరు, అందుకే ఒకటి అదనంగా కొని పెట్టుకోవద్దు.

అపోహ: పేరున్న కంపెనీదే పనిచేస్తుంది.

ఐసీయూలో బ్రాండు మార్చేముందు డాక్టర్ని అడగండి, సరే అంటే చవగ్గా జనరిక్ మందులమ్మే జన్ ఔషధి దుకాణంలోనూ చూడండి. ధరల నియంత్రణలో ఉన్న మందుకు గరిష్ఠ ధర ఎంతో ఫార్మా సహీ దామ్ యాప్‌లో కనిపిస్తుంది.

అపోహ: డబ్బు కుటుంబం ఖాతాలో వేస్తే మన పని అయిపోయినట్టే.

అదే ఖాతాలోంచి అప్పులవాడి కిస్తీ, ఊరి నుంచి ఆటో, తల్లి తిండి అన్నీ పోతాయి. తప్పు వాళ్లది కాదు, అవీ ఖర్చులే. మందుల డబ్బు నేరుగా ఫార్మసీకి కట్టి, బిల్లు మీద బిడ్డ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు వేయించండి. తల్లి తిండికి, బసకు విడిగా కొంత చేతికివ్వండి. ఒరిజినల్ బిల్లులు కుటుంబం దగ్గరే ఉండాలి. రేపు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టాలంటే అవే అడుగుతారు.

అపోహ: డబ్బు ఇవ్వలేకపోతే పాలడబ్బాలైనా పంచొచ్చు.

వద్దు. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం అనాథాశ్రమాలకు తప్ప ఎవరికీ పాలపొడి, పాలసీసాలు దానంగా పంచకూడదు. పైగా నెలలు నిండని బిడ్డకు డబ్బా పాలతో పేగులు కుళ్లే జబ్బు ముప్పు పెరుగుతుంది. ఆ డబ్బుతో తల్లికి మూడు పూటలా భోజనం పెట్టించండి.

అపోహ: అమెరికా నుంచి ఏ సంస్థకైనా పంపేయొచ్చు.

విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది విదేశీ విరాళం కిందికొస్తుంది, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేదానికి ఆ బెడద లేదు. చిన్న సంస్థకు పంపేముందు వాళ్లనే అడిగి పంపండి.