అద్దె పేర్ల కథ: డాట్ కామ్ నుంచి డాట్ ఏఐ దాకా

వెబ్‌సైట్ పెట్టుకున్న ప్రతివాళ్లూ "డొమైన్ (సైటు చిరునామా పేరు) కొన్నాను" అంటారు. నిజానికి దాన్ని ఎవరూ కొనలేరు. ఏడాదికో, మహా అయితే పదేళ్లకో అద్దెకు తీసుకుంటాం. బిల్లు పేజీలో మొదటి ఏడాది ఆఫర్ ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రెన్యువల్ ధర కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చూడాల్సింది ఆ చిన్న అక్షరాలే.

మొదట్లో ఈ అద్దె లేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త కంప్యూటర్ల అంకెల చిరునామాలకు పేర్లు తగిలించే పద్ధతిని రూపొందించారు. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీ మొట్టమొదటి డాట్ కామ్ పేరు తీసుకుంది. పదేళ్ల పాటు పేర్లు ఊరికే ఇచ్చారు, ఖర్చు అక్కడి ప్రభుత్వం భరించింది. 1995 సెప్టెంబర్‌లో నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ రెండేళ్లకు 100 డాలర్ల చొప్పున వసూలు మొదలుపెట్టింది. 1998లో ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ అనే సంస్థ ఏర్పడింది. మరుసటి ఏడాది పేర్లు అమ్మే రిజిస్ట్రార్ల మధ్య పోటీ వచ్చి, చిల్లర ధర దిగింది.

టోకు మాత్రం ఒకరి చేతిలోనే ఉండిపోయింది. 2000లో నెట్‌వర్క్ సొల్యూషన్స్‌ను వెరిసైన్ కొనేసింది. చిల్లర వ్యాపారాన్ని తర్వాత వదిలించుకుంది కానీ డాట్ కామ్ పేర్ల అసలు చిట్టా అయిన రిజిస్ట్రీని వదల్లేదు. ఈరోజు ఏ రిజిస్ట్రార్ దగ్గర తీసుకున్నా, 15 కోట్లకు పైగా ఉన్న డాట్ కామ్ పేర్లలో ప్రతిదానికీ ఏటా వెరిసైన్‌కు వాటా వెళ్లాల్సిందే. 2012 నుంచి 2021 దాకా 7.85 డాలర్ల దగ్గర ఆగిన టోకు ధర 2024 సెప్టెంబర్‌కు 10.26 డాలర్లయింది. ప్రతి ఆరేళ్లలో చివరి నాలుగేళ్లు ఏటా 7 శాతం దాకా పెంచుకునే వీలు ఒప్పందంలోనే ఉంది.

ఒక్కసారి మాత్రం జనం గట్టిగా అడ్డం పడ్డారు. స్వచ్ఛంద సంస్థల చిరునామా అయిన డాట్ ఆర్గ్‌ను దాని నిర్వాహకులు 2019లో ఈథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకు 113.5 కోట్ల డాలర్లకు అమ్మబోయారు. సేవా సంస్థలు ఊరుకోలేదు. 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఆ బదిలీకి ఒప్పుకోలేదు. అద్దెకున్నవాళ్లంతా కలిసి అడిగితే వినక తప్పదని చూపించిన రోజది. దాన్ని మనం మర్చిపోకూడదు.

మన దేశంలో డాట్ ఇన్ 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది, నిక్సీ అనే సంస్థ దాన్ని చూసుకుంటుంది. అంతకు ముందు ఏడాదే డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు మన హైదరాబాద్ సత్యం గ్రూపులో పుట్టిన సత్యం ఇన్ఫోవే వేసింది. తమ 'సిఫీ'ని పోలిన పేరుతో ఇంకొకరు డొమైన్ తీసుకున్నారన్నది వివాదం.

కోర్టుకు వెళ్లే స్తోమత అందరికీ ఉండదు. మా మిత్రులు నడిపే చిన్న సాహిత్య పత్రిక సైటు పేరు గడువు దాటి పోయింది. కార్డు గడువు తీరింది, హెచ్చరిక మెయిళ్లన్నీ ఎవరూ తెరవని పాత ఐడీకి వెళ్లాయి. డాట్ కామ్ పేరు గడువు దాటితే రిజిస్ట్రార్‌ను బట్టి కొన్నాళ్లు మామూలు ధరకే రెన్యువల్ చేసుకోవచ్చు. రిజిస్ట్రార్ దాన్ని తీసేశాక 30 రోజుల రిడెంప్షన్, అంటే పాత యజమానికి విడిపించుకునే గడువు, ఉంటుంది. అప్పుడు విడిపించుకోవాలంటే జరిమానా మోత మోగుతుంది. తర్వాత అయిదు రోజులకు పేరు బయటపడుతుంది, ఆ క్షణం కోసమే కాచుకున్న సాఫ్ట్‌వేర్లు తన్నుకుపోతాయి. పదేళ్లు రాసిన కథలకున్న లింకులన్నీ ఇప్పుడు ఎవరిదో ప్రకటనల పేజీకి వెళ్తున్నాయి.

ఇప్పుడు గిరాకీ అంతా డాట్ ఏఐ వైపు మళ్లింది. అది నిజానికి కరీబియన్ సముద్రంలోని ఆంగ్విలా అనే చిన్న దీవికి దేశం కోడ్‌గా వచ్చింది. 2023లో ఈ పేర్ల వల్ల ఆ దీవికి సుమారు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి, ప్రభుత్వ ఆదాయంలో అయిదో వంతుకు పైనే. పాత పేర్ల ధరలు వేరే లోకంలో ఉన్నాయి. చాట్ డాట్ కామ్ 2023లో 1.55 కోట్ల డాలర్లు పలికి, మరుసటి ఏడాదికి చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ చేతికి చేరింది. చుక్క తర్వాతి తోకనే సొంతం చేసుకోవాలంటే 2012 విడతలో దరఖాస్తు రుసుము 1,85,000 డాలర్లు. 2026 ఏప్రిల్‌కు ముహూర్తం పెట్టిన కొత్త విడతకు 2,27,000. తోకలు ఎన్ని పెరిగినా గిరాకీ పొట్టి డాట్ కామ్‌కే ఉంటుందని నా అంచనా. చిన్న సంస్థలకు మాత్రం డాట్ ఇన్ లాంటి దేశీయ పేర్లే దిక్కు.

తెలుగు లిపిలో '.భారత్' 2011 నుంచే ఇంటర్నెట్ మూలపట్టికలో, అంటే చుక్క తర్వాతి తోకలన్నీ ఉండే జాబితాలో, ఉంది. అచ్చంగా తెలుగులో చిరునామా పెట్టుకోవచ్చు. కానీ ఆ చిరునామాతో ఉన్న ఈమెయిల్‌ను ఏదైనా ఆన్‌లైన్ ఫారంలో నింపి చూడండి. చాలా చోట్ల ఇప్పటికీ ఎర్ర అక్షరాల్లో ఒకటే జవాబు: సరైన ఈమెయిల్ ఇవ్వండి.