గోత్రం అడిగే ముస్లింల ఊరు

గురుగ్రామ్ అద్దాల మేడలు దాటి, సోహ్నా మీదుగా అల్వర్ రోడ్డు పట్టుకుంటే కాసేపట్లోనే లోకం మారిపోతుంది. ఆవాల చేలు, పిడకల గుట్టలు, దూరంగా ఆరావళి కొండలు. తలమీద ముసుగు లేని ఆడమనిషి కనిపించదు. మగవాళ్లలో చాలామందికి గడ్డం, టోపీ. నూహ్ పట్టణానికి దగ్గర్లో ఉన్న ఘాసేడా ఇలాంటి ఊరే. హర్యానాలోని ఈ ప్రాంతాన్ని మేవాత్ అంటారు. 2018లో నీతి ఆయోగ్ దేశంలోని 101 వెనుకబడిన జిల్లాలకు ర్యాంకులిస్తే అట్టడుగున నిలిచింది ఈ జిల్లాయే. 2011 జనగణన ప్రకారం ఇక్కడ నూటికి 79 మంది ముస్లింలు. ఆడవాళ్లలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి 37 మంది కూడా లేరు.

ఎందుకిలా అని ఎవరినైనా అడిగితే, "వాళ్లు మొదట్నుంచీ అంతేనండీ, ఛాందసం ఎక్కువ" అంటారు. ఈ "మొదట్నుంచీ" అనే మాట దగ్గరే నాకు పేచీ. ఇప్పుడు మనం చూస్తున్న మేవాత్ వయసు సుమారు వందేళ్లు. అంతకు ముందున్నది వేరే మేవాత్.

ఇక్కడి ప్రజలు మేవోలు. వ్యవసాయం, పశువుల పెంపకం వాళ్ల బతుకు. ఎప్పుడో శతాబ్దాల కిందటే ఇస్లాంలోకి వచ్చారు గానీ, తాము రాజపుత్రుల సంతతి అనీ, యదువంశం వాళ్లమనీ చెప్పుకోవడం మానలేదు. పన్నెండు పాల్‌లు (పెద్ద తెగలు), యాభై రెండు గోత్రాలు అని లెక్క చెబుతారు. 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ అధికారులు పక్కనే ఉన్న, ఇప్పటి రాజస్థాన్‌లోని అల్వర్ గురించి రాసిన గెజిటీర్‌లో (ప్రాంత వివరాల పుస్తకంలో) మేవోల మీద చిత్రమైన సంగతులున్నాయి. అమావాస్య నాడు నాగలి పట్టేవారు కాదు. బావి తవ్వాలంటే ముందు భైరవుడికో హనుమంతుడికో ఒక అరుగు కట్టి, ఆ తర్వాతే పలుగు దించేవారు. హోలీ, దీపావళి జరుపుకునేవారు. మిరాసీలనే ముస్లిం గాయకులు ఇంటింటికీ వచ్చి పాండవుల కథ పాడేవారు, మన పల్లెల్లో బుర్రకథ చెప్పించుకున్నట్టు. పొలం పనిలో సగానికి పైగా ఆడవాళ్లదే, కాబట్టి పరదా పట్టింపు పెద్దగా ఉండేది కాదు. పీర్ల పండుగలో ఊరంతా కలిసి నిప్పుల గుండం చుట్టూ తిరిగిన తెలుగువాళ్లకి ఇదేమంత వింతగా అనిపించదు.

   

అసలు మలుపు ఢిల్లీలోని నిజాముద్దీన్‌లో మొదలైంది. అక్కడి బంగ్లేవాలీ మసీదులో మౌలానా ఇస్మాయిల్ అనే పండితుడు ఉండేవాడు. ఒకరోజు తనతో కలిసి నమాజు చేసేవాళ్లు లేక రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాడట. కూలికి పోతున్న మేవోలు కొందరు ఎదురయ్యారు. రోజుకెంత వస్తుందని అడిగాడు. వాళ్లు చెప్పారు. అంత డబ్బూ నేనే ఇస్తా, ఇక్కడుండి నమాజు నేర్చుకోండి అన్నాడు. తబ్లీగ్, అంటే ముస్లింలకే ఇస్లాం ఆచారాలు నేర్పే ఉద్యమం, దాని చరిత్ర చెప్పేవాళ్లందరూ ఈ కథతోనే మొదలుపెడతారు. ఆయన కొడుకే మౌలానా ఇలియాస్. 1920లలో ఆర్య సమాజ్ శుద్ధి ఉద్యమం జోరుగా సాగింది. 1923లో ఆగ్రా చుట్టుపక్కల ముస్లింలైన మల్కానా రాజపుత్రులను హిందూ మతంలోకి తిరిగి తీసుకుంటుంటే, తర్వాతి వంతు మేవోలదే అన్న భయం మౌల్వీల్లో పుట్టింది. ఇలియాస్ 1926 ప్రాంతంలో మేవాత్ పల్లెలకు జమాత్‌లను (ప్రచార బృందాలను) పంపడం మొదలుపెట్టాడు. పది మంది మూటాముల్లె కట్టుకుని ఒక ఊరి మసీదులో దిగడం, ఇంటింటి తలుపు తట్టి కల్మా (ఇస్లాం విశ్వాస వాక్యం) చెప్పించడం, మర్నాడు ఇంకో ఊరికి నడవడం. 1934లో నూహ్‌లో ఊరి పెద్దల పంచాయతీ కూర్చుని, నమాజు నేర్పిస్తాం, ఇస్లామీ దుస్తులు వేసుకుంటాం అంటూ తీర్మానాలు చేసింది. ధోతీ పోయి పైజామా వచ్చింది. చేతి కడియాలు ఊడాయి. 2020 మార్చిలో కరోనా వార్తల్లో మన ఊళ్లలో కూడా అందరి నోళ్లలో నలిగిన నిజాముద్దీన్ మర్కజ్ (కేంద్రం) ఆ బంగ్లేవాలీ మసీదే. ఇప్పుడు ప్రపంచమంతా పాకిన ఆ ఉద్యమానికి నారుమడి మేవాత్.

అయినా అప్పట్లో అందరూ మారిపోలేదు. 1932-33లో అల్వర్ రాజు పన్నుల మీద మేవోలు తిరగబడ్డప్పుడు వాళ్ల మొదటి బాధ రైతు బాధే. వాళ్లని నికరంగా "ముస్లింలు"గా లెక్కగట్టింది 1947. అల్వర్, భరత్‌పూర్ సంస్థానాల్లో ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి, వేలమంది హతమయ్యారు. గోత్రాలున్నాయనీ, హోలీ ఆడతారనీ చంపేవాడు చూడలేదు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు గుడ్‌గావ్ (ఇప్పటి గురుగ్రామ్) జిల్లాలోకి పారిపోయి వచ్చి శిబిరాల్లో పడ్డారు. కొందరు పాకిస్తాన్ దారి పట్టారు, మిగతావాళ్లు పోవాలా ఉండాలా అని ఊగిసలాడుతున్నారు.

మేవోల నాయకుడు చౌధరీ యాసీన్ ఖాన్ వెళ్లి గాంధీని కలిశాడు. 1947 డిసెంబర్ 19న గాంధీ ఘాసేడా వచ్చారు. వెంట తూర్పు పంజాబ్ ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) గోపీచంద్ భార్గవ. ఆ రోజు గాంధీ పెద్ద పెద్ద హామీలిచ్చి చప్పట్లు కొట్టించుకోలేదు. తన మాటకు మునుపటి బలం ఉంటే ఏ ముస్లిమూ పాకిస్తాన్ పోవాల్సి వచ్చేది కాదు, ఏ హిందువూ సిక్కూ అక్కణ్ణుంచి రావాల్సి వచ్చేది కాదు అన్న అర్థంలో మాట్లాడారు. ఓడిపోయిన మనిషి గొంతు అది. అయినా చాలామంది ఆగిపోయారు. ఆగమన్నవాడు సరిగ్గా 42 రోజులకు కాల్పుల్లో పోయాడు. మేవాత్ ఆడవాళ్లు గాంధీ గుండెకు తగిలిన తూటా మీద పాటలు కట్టుకుని ఏడ్చారు.

తర్వాత నెహ్రూ కోరిక మీద వినోబా భావే ఇక్కడికొచ్చి, ఊళ్లు వదిలిన మేవోలను మళ్లీ స్థిరపరిచే పనిలో దిగారు. మనకు వినోబా అంటే 1951లో పోచంపల్లి. దానికి ముందు నేల పోయినవాళ్ల గోడు ఆయన దగ్గరగా విన్నది మేవాత్‌లోనే. తిరిగొచ్చిన వాళ్లకి పోయిన భూములన్నీ దక్కలేదు. అప్పుడే తబ్లీగ్ మాట వాళ్లకి నిజంగా తలకెక్కిందని నా అభిప్రాయం. సగం సగం ఉంటే ఎవరూ కాపాడరని కత్తి అంచున తెలిసొచ్చాక, పూర్తిగా ముస్లింలుగా ఉండటమే మేలనుకున్నారు. మసీదులు పెరిగాయి, మదరసాలు పెరిగాయి. ఆడపిల్లలకు బడి మాత్రం దూరంగానే ఉండిపోయింది. అందులో మౌల్వీల తప్పెంతో, బడే కట్టని సర్కారు తప్పు అంతకు తక్కువేం కాదు. చాలా ఊళ్లలో భూగర్భ జలం ఉప్పు, నీళ్ల ట్యాంకరు కొనుక్కోవాలి. గురుగ్రామ్ పక్కనే ఉన్నా, పరిశ్రమల దారి ఇటు మళ్లలేదు. కుర్రాళ్లు లారీ స్టీరింగ్ పట్టారు. 2005లో విడి జిల్లా చేశారు, 2016లో పేరు మార్చి నూహ్ అన్నారు.

ఆవులు పెంచే మేవోలకు ఈమధ్య ఇంకో టెన్షన్. 2017 ఏప్రిల్‌లో జైపూర్ సంతలో పశువులు కొని తెచ్చుకుంటున్న నూహ్ పాడి రైతును అల్వర్ జిల్లా హైవే మీద గోరక్షకులు కొట్టి చంపారు. 2023 జూలై 31న నూహ్‌లో హిందూ సంస్థల యాత్ర సందర్భంగా చెలరేగిన గొడవల్లో, గురుగ్రామ్‌తో కలిపి ఆరుగురు చనిపోయారు. తర్వాత ఇళ్లూ దుకాణాలూ కూల్చడానికి సర్కారు బుల్డోజర్లు దిగాయి. గొడవలైన వారానికి పంజాబ్, హర్యానా హైకోర్టు తనంతట తానే కల్పించుకుని కూల్చివేతలు ఆపింది.

ఘాసేడాని ఇప్పుడు గాంధీ గ్రామ్ అంటారు. ఏటా డిసెంబర్ 19న మేవాత్ దివస్ జరుపుతారు, ఉపన్యాసాలు ఇస్తారు. అమావాస్య సెలవు పోయింది. పాండవుల కథ పాడే మిరాసీలు బాగా తగ్గిపోయారు. మేనరికం, దగ్గరి చుట్టాల్లో పెళ్లి ఇస్లాంలో తప్పు కాదని మౌల్వీ చెప్పినా, మేవో ఇళ్లలో మాత్రం సంబంధం మాట కదిలితే పెద్దలు ముందు అడిగేది అబ్బాయిది ఏ గోత్రం అనే.