ఇరుకు క్యాబినెట్‌లో కార్డులు: కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు

ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో చవగ్గా దొరుకుతాయి. కొన్న నెలకే దానికి గ్రాఫిక్స్ కార్డో, వైఫై కార్డో బిగించమని మా దగ్గరికి వస్తారు. కార్డు అప్పటికే కొనేసి ఉంటారు. గొడవంతా అక్కడే.

అపోహ: "స్లాట్ ఉంది కదన్నా, పట్టేస్తుంది."

వాస్తవం: మదర్‌బోర్డు మీది స్లాట్‌లో కూర్చుంటుంది, క్యాబినెట్ మూతే పడదు. మామూలు కార్డు చివర ఉండే లోహపు పట్టీ (బ్రాకెట్) ఎత్తు 12 సెంటీమీటర్లు. చిన్న క్యాబినెట్‌కి కావలసింది లో ప్రొఫైల్, అంటే దాదాపు 8. కొన్ని కార్డుల బోర్డు పొట్టిదే, బ్రాకెట్ మాత్రం పొడుగుది. అలాంటప్పుడు రెండు స్క్రూలు విప్పి పొట్టి బ్రాకెట్ వేస్తే చాలు. కొత్త కార్డయితే చాలాసార్లు డబ్బాలోనే ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు మాత్రం ముందు బ్రాకెట్ అడగండి, ధర తర్వాత.

మొన్న ఒకాయన బ్రాకెట్ లేకుండానే కార్డు పెట్టేసుకున్నారు. హెచ్‌డీఎంఐ కేబుల్ కాస్త కదిలితే చాలు, కార్డు ఒక పక్కకి లేచి స్క్రీన్ నల్లగా అయిపోయేది. మానిటర్ పోయిందనుకుని కొత్తది కొనబోయారు పాపం.

మందం కూడా చూడాలి. చాలా మోడళ్లలో గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడుగు స్లాట్ ఎస్‌ఎంపీఎస్‌ని (కరెంటు ఇచ్చే పెట్టెని) ఆనుకునే ఉంటుంది. రెండు స్లాట్ల మందం ఉన్న కార్డుకి అక్కడ చోటుండదు. మూత తీసి స్కేలు పెట్టాకే డబ్బు కట్టండి.

అపోహ: "పవర్ చాలకపోతే కన్వర్టర్ వైరు వేసేద్దాం."

వాస్తవం: నేనైతే వెయ్యను. ఆ వైరు హార్డ్ డిస్క్‌కి కరెంటిచ్చే సాటా కనెక్టర్ నుంచి తీసి కార్డుకి ఇస్తుంది. ఆ కనెక్టర్‌లో 12 వోల్టుల వైపు నుంచి 54 వాట్లకు మించి లాగకూడదు. విడిగా ఆరు పిన్నుల కరెంటు వైరు కావలసిన కార్డు ఆ వైరు నుంచి 75 దాకా లాగుతుంది. అలా కరిగి నల్లబడిన కనెక్టర్ ఒకటి నా డ్రాయర్‌లో ఉంది, ఈ మాట అడిగినవాళ్లకు చూపించడానికే. వేరే వైరు అక్కర్లేని కార్డే తీసుకోండి. గ్రాఫిక్స్ కార్డుల్లో జీటీ 1030కి 30 వాట్లు, ఆర్‌ఎక్స్ 6400కి 53 వాట్లు చాలు. స్లాట్ గరిష్ఠంగా 75 ఇస్తుందంటారు కానీ కొన్ని ఆఫీసు మోడళ్లలో పరిమితి అంతకంటే తక్కువ. మాన్యువల్లో ఉంటుంది, చూడండి.

అపోహ: "జీటీ 1030 ఏదైనా ఒకటే."

వాస్తవం: కాదు. అది రెండు రకాల మెమరీతో వస్తుంది. డీడీఆర్4 రకం మెమరీ వేగం జీడీడీఆర్5 రకంలో దాదాపు మూడో వంతే. డబ్బా మీద పేరు ఒకటే కాబట్టి మోసపోవడం తేలిక. ఆర్‌ఎక్స్ 6400 గేమ్‌లకు దానికంటే ఎంతో మెరుగు, కాకపోతే అందులో వీడియో ఎన్‌కోడర్ (రికార్డింగ్ పనిని కార్డే చేసే భాగం) లేదు. గేమ్ రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకునేవాళ్లు ఆలోచించుకోవాలి.

అపోహ: "చిన్న స్లాట్ లేదు, కాబట్టి వైఫై కార్డు పెట్టలేం."

వాస్తవం: ఖాళీగా ఉంటే పొడుగు స్లాట్‌లోనే పెట్టండి, బాగానే పనిచేస్తుంది. బ్లూటూత్ కూడా కావాలంటే కార్డుతో వచ్చే సన్నటి వైరుని బోర్డు మీది 9 పిన్నుల యూఎస్‌బీ హెడర్‌కి (పైకి పొడుచుకొచ్చిన పిన్నుల వరసకి) తగిలించాలి. అది మర్చిపోయి, వైఫై వస్తోంది బ్లూటూత్ రావట్లేదు, కార్డు డిఫెక్ట్ అని వాపసు ఇచ్చేవాళ్లు ఎందరో. ఆ వైరు తరచూ డబ్బా అడుగున కవర్‌లోనే ఉండిపోతుంది.